కుండకు ఒక చట్టం, సీసాకు ఒక చట్టం

మార్చి నెల మధ్యలో ఓ రాత్రి, జంషెడ్‌పూర్‌లోని కద్మా ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు నుంచి తుపాకీ పేలినట్టు చప్పుడు వచ్చింది. నిమిషం తర్వాత మరొకటి, ఆపై వరుసగా నాలుగు. కింది అంతస్తు వారు దీపాలు వేసుకుని బయటికి వచ్చారు. కాపలాదారు విజిల్ ఊదాడు. పోలీసులకు ఫోన్ చేద్దామని ఎవరో అన్నారు. ఆ మాట విన్న ఇంటి యజమాని, ఉక్కు కర్మాగారంలో ముప్పై అయిదేళ్లు పనిచేసి రిటైరయిన ఇంజినీరు, లుంగీ సర్దుకుంటూ మెట్లు దిగి వచ్చి, వంటగదిలో గ్యాస్ పొయ్యి దగ్గర గాజు సీసాలు పగిలాయని, భయపడాల్సిందేమీ లేదని చెప్పాడు. అందులో సగమే నిజం. పగిలినవి గాజు సీసాలే. కానీ అవి వంటగదిలో లేవు, స్టోర్ రూమ్‌లో గోనెసంచుల కింద ఉన్నాయి. వాటిలో ఉన్నది ఆయన స్వహస్తాలతో కాచిన బెల్జియన్ తరహా బంగారు రంగు బీరు.

ఆయన తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే ఎక్కి ఈ ఊరికి వచ్చినవారు. అప్పటికి సాక్చీ అనే పల్లె జంషెడ్‌పూర్‌గా, కాలీమాటీ స్టేషన్ టాటానగర్‌గా మారి ఎంతో కాలం కాలేదు. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైన నాటి నుంచి కొలిమి ముందు నిలబడే పనికి తీరాంధ్ర పల్లెల మనుషులు వస్తూనే ఉన్నారు. మూడు తరాలు గడిచేసరికి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో ఇంగ్లిషు అన్న పద్ధతి స్థిరపడింది. శ్రీకాకుళం నుంచి ఈ ఇంటికి వచ్చి నిలిచిన వస్తువుల్లో ఒకటి తరవాణి కుండ. అన్నం, గంజి కలిపి రోజుల తరబడి పులియబెట్టి, వేసవి పొద్దున్నే ఆ పుల్లటి నీటిని నాయనమ్మ అందరికీ పోసేది. ఆ కుండను కడగకూడదని, కడిగితే అందులోని జీవం పోతుందని ఆమె అనేది. మనుమడు పెద్దవాడై ఇంజినీరయ్యాక ఆ కుండ ఎక్కడ పోయిందో ఎవరికీ గుర్తు లేదు.

బీరు వ్యవహారం బెల్జియంలో మొదలైంది. లూవెన్‌లో చదువుతున్న కూతురిని చూడడానికి దంపతులు వెళ్లినప్పుడు, ఓ సాయంత్రం ఆయన ముందు తులిప్ పువ్వు ఆకారంలోని గ్లాసు పెట్టారు. లేత బంగారు రంగు, పైన వెన్నలాంటి నురగ. తాగుతుంటే తేలిక. లేచి నిలబడితేనే దాని బలం తెలిసింది. దాని పేరు డ్యూవెల్, అంటే దయ్యం. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రీండోంక్ గ్రామంలోని మోర్ట్‌గాట్ కుటుంబం ‘విక్టరీ ఏల్’ అన్న పేరుతో ఈ బీరును తెచ్చింది. దానికి కావలసిన ఈస్ట్ కోసం ఆ ఇంటి కొడుకు స్కాట్లండ్ దాకా వెళ్లాడు. రుచి చూసిన స్థానికుడొకడు ఇది అసలైన దయ్యమని అన్నాడని, 1923లో అదే పేరు స్థిరపడిందని చెప్తారు. అప్పట్లో అది ముదురు రంగు బీరు. ఇప్పటి బంగారు రంగు 1970 ప్రాంతంలో వచ్చింది. ఆల్కహాలు ఎనిమిదిన్నర శాతం.

ఇంజినీరుకు రుచి కంటే ఎక్కువగా నచ్చింది దాని వెనక ఉన్న రాజకీయం. 1919లో బెల్జియం ప్రభుత్వం బార్లలో, హోటళ్లలో ఘాటు సారాయి అమ్మకాన్ని నిషేధించింది. దుకాణంలో కొనాలంటే ఒకేసారి కనీసం రెండు లీటర్లు కొనాలి. రోజుకూలీ వద్ద అంత డబ్బు ఉండదు గనుక కార్మికుడు తాగడం మానేస్తాడని ఆలోచన. చట్టం తెచ్చినవాడు కార్మిక పార్టీ నాయకుడు ఎమిల్ వాండర్‌వెల్డే. తాగుడు తన వర్గాన్ని ఎలా తినేస్తోందో చూసి కడుపు మండిన సోషలిస్టు. ఆ చట్టం 1983 దాకా అమల్లో ఉంది. సారాయి దొరకని చోట బలమైన బీరుకు గిరాకీ పెరిగిందని, బెల్జియం బీర్ల బలానికి ఆ చట్టమూ ఒక కారణమని చరిత్ర రాసేవారు చెప్తారు. శాసనం ఒక ద్వారం మూస్తే దాహం మరో ద్వారం వెతుక్కుంటుంది. 2016లో బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

తిరిగి వచ్చిన ఆయనకు రిటైర్మెంటు తర్వాతి తీరికలో ఈ బీరును ఇంట్లోనే చేయాలన్న పట్టుదల పుట్టింది. లెక్క అంతా నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఇరవై లీటర్లకు అయిదు కిలోల లేత బార్లీ మాల్ట్, ఒక కిలో చక్కెర. చక్కెర ఎందుకని భార్య అడిగింది. బార్లీ మాత్రమే వేస్తే బలం వస్తుంది గానీ నాలుకకు బరువుగా, ముద్దగా ఉంటుంది. చక్కెరను ఈస్ట్ పూర్తిగా తినేస్తుంది గనుక బలం మిగిలి, బరువు పోతుంది. తేలికగా కనిపించి పడగొట్టడమే ఈ బీరు రహస్యమని ఆయన వివరించాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మరపట్టించి అరవై అయిదు డిగ్రీల నీటిలో గంటన్నర నానబెట్టాడు. ఆ వేడిలో గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. వడకట్టిన తియ్యటి నీటిని మరో గంటన్నర మరిగించి, చేదు కోసం, పరిమళం కోసం హాప్స్ పూలు వేశాడు. చల్లార్చి ఈస్ట్ కలిపి మూత బిగించాడు. కొలిమి ముందు బతికినవాడికి ఉష్ణోగ్రతలు కొత్త కాదు. హైడ్రోమీటరు 1.074 చూపింది. అది 1.008కి దిగితే ఎనిమిదిన్నర శాతం దాటుతుంది.

అది జనవరి నెల. నలభై డిగ్రీలు దాటే వేసవిలో ఈ పని అసాధ్యమని ఆయన చలికాలాన్ని ఎంచుకున్నాడు. మొదటి వారం డబ్బా గళగళలాడింది. తర్వాత దల్మా కొండల మీదుగా చలిగాలి దిగింది. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల దరిదాపుకు పడిపోయింది. బుడగలు ఆగాయి. హైడ్రోమీటరు 1.022 దగ్గర నిలిచింది. వరుసగా మూడు రోజులు ఒకే అంకె వస్తే పులియడం ముగిసినట్టేనని పుస్తకంలో ఉంది. మాల్ట్ నానబెట్టినప్పుడు వేడి కాస్త ఎక్కువై పులియని చక్కెరలు మిగిలి ఉంటాయని ఆయన తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. సీసాల్లో గ్యాసు కోసం నూటఅరవై గ్రాముల చక్కెర కలిపి, నింపి, మూతలు బిగించాడు.

ఆ రోజు నేల తుడుస్తూ ఆ సీసాలను చూసిన పనిమనిషి ఒక మాట అంది. ఆమె సంథాల్ స్త్రీ. మాంగో వంతెన దాటి దల్మా కొండ పాదం దగ్గరి పల్లె నుంచి రోజూ షేర్ ఆటోలో వస్తుంది. ఇంట్లో అందరూ ఆమెను దీదీ అంటారు. సీసా మూతి వాసన చూసి, “బాబూ, ఇది అవ్వలేదు. చలికి పడుకుంది. ఎండలొస్తే లేస్తుంది” అంది. మీటరు చూపించి ఆయన నవ్వాడు. భార్య మాత్రం నవ్వలేదు. “చలికి ఇడ్లీ పిండి పొంగకపోతే పులిసిపోయిందనుకుంటామా ఏమిటండీ?” అంది. రెండు మాటలూ గాలికి పోయాయి. మార్చిలో ఎండ ముప్పై అయిదు డిగ్రీలు దాటగానే పడుకున్నది లేచింది. మిగిలిన చక్కెరంతా తిని, సీసా మోయగలిగిన దానికి మూడింతల వాయువును పుట్టించింది.

తెల్లవారి గాజు పెంకులు ఎత్తుతూ దీదీ ఏమీ అనలేదు. ఆయనే అడిగాడు, ఎలా తెలిసిందని. అప్పుడు ఆమె తన ఇంటి కుండ గురించి చెప్పింది.

సంథాల్ ఇళ్లలో దాన్ని హండీ అంటారు, ముండాలు ఇలి అంటారు, హో ప్రజలు డియాంగ్ అంటారు. బజారులో అందరికీ అది హండియా. అన్నం వండి, చాప మీద పరిచి ఆరబెట్టాలి. గోరువెచ్చగా ఉండగానే రాను అనే గోళీలను పొడి చేసి కలపాలి. రాను అంటే బియ్యపు పిండిలో అడవి వేళ్లు, బెరళ్లు దంచి కలిపి, గోళీలుగా చేసి, గడ్డిలో కప్పి ఆరబెట్టిన మందు. ఏ వేరు ఎంత అన్నది తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చే జ్ఞానం. కలిపిన అన్నాన్ని కుండలో పెట్టి మూత కడితే ఎండాకాలంలో రెండు మూడు రోజులు, చలికాలంలో నాలుగైదు రోజులు. అయిందో లేదో ముక్కు చెప్తుంది, కుండకు ఆనించిన చెవి చెప్తుంది. తర్వాత నీళ్లు పోసి, పిసికి, వడకట్టి, ఆకు దొన్నెల్లో పోస్తారు.

ఇంజినీరు ఆ సాయంత్రం పుస్తకాలు తిరగేశాడు. బార్లీలో పిండిని చక్కెరగా మార్చడానికి గింజను మొలకెత్తించాలి, ఎండబెట్టాలి, సరైన వేడిలో నానబెట్టాలి. ఆ తర్వాతే ఈస్ట్ పని. రెండూ వేర్వేరు దశలు. రాను గోళీలో బూజు జాతి జీవులు, ఈస్ట్, పులుపునిచ్చే లాక్టిక్ బ్యాక్టీరియా కలిసే ఉంటాయి. బూజు అన్నంలోని పిండిని చక్కెరగా విడగొడుతుండగానే ఈస్ట్ దాన్ని ఆల్కహాలుగా మారుస్తుంది. రెండు పనులూ ఒకే కుండలో, ఒకేసారి జరుగుతాయి. జపానులో సాకే చేసేవారు ఉపయోగించే సూత్రం కూడా ఇదే. తను కొన్న పరికరాల ఖర్చును, దీదీ కుండ ధరను పక్కపక్కన వేసుకుని ఆయన కాసేపు మౌనంగా కూర్చున్నాడు.

మర్నాడు ఆయన చట్టం చదివాడు. పోలీసులకు ఫోన్ చేద్దామన్న పక్కింటివారి మాట ఆయన చెవిలో ఇంకా ఉంది. ఝార్ఖండ్‌కు వారసత్వంగా వచ్చింది 1915 నాటి బిహార్-ఒరిస్సా ఎక్సైజ్ చట్టం. లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం దాని ప్రకారం నేరం. ఆయన స్టోర్ రూములో జరిగింది నేరమే. అదే చట్టంలో ‘పచ్వాయి’ అనే మాట ఉంది. పులిసిన బియ్యం, చిరుధాన్యం లేదా మరో గింజ, దాని నుంచి తీసిన ద్రవం పచ్వాయి. బీరు మాత్రం అందులోకి రాదని నిర్వచనంలోనే ఉంది. ఆదివాసులు సొంత ఇంటి వాడకానికి పచ్వాయి చేసుకోవచ్చన్న మినహాయింపు వలస పాలన నాటి నుంచీ ఉంది. 1970ల మధ్యలో కేంద్ర ప్రభుత్వం గిరిజన ప్రాంతాలకు ఇచ్చిన ఎక్సైజ్ మార్గదర్శకాలు కూడా వ్యాపారపు మద్యాన్ని అక్కడి నుంచి తొలగించమని, ఇంటి వాడకానికి సంప్రదాయ పానీయం చేసుకోనివ్వమని చెప్పాయి.

అంటే కాగితం మీద దోషి ఇంజినీరు, నిర్దోషి దీదీ. జీవితంలో జరిగేది వేరు. ఇంజినీరు తలుపు ఎవరూ తట్టలేదు. ముందటి ఏడాది వారపు సంతలో దీదీ కుండను మాత్రం ఓ అధికారి లాఠీతో పగలగొట్టాడు. చేసుకునే హక్కు ఆమెకు ఉంది, అమ్ముకునే హక్కు లేదు. వానాకాలం పనులు లేని రోజుల్లో, పిల్లవాడి ఫీజు కట్టాల్సిన నెలల్లో, సంతలో చెట్టు కింద కూర్చుని దొన్నెలు పోస్తే వచ్చే నాలుగు డబ్బులే ఆమెకు ఆధారం. ఆచారంగా ఉన్నంత వరకు ఆ పానీయం సంస్కృతి, పూట గడవడానికి అమ్మితే కేసు. ఆదివాసి ఆచారాన్ని ఆల్బంలో పెట్టుకోవడం రాజ్యానికి ఇష్టం, ఆ ఆచారంతో ఆదివాసి బతకడం మాత్రం ఇబ్బంది.

ఈ వాదన రాజ్యాంగ సభలోనే ఒకసారి జరిగింది. 1948 నవంబరులో ముసాయిదాలో మద్యనిషేధ నిర్దేశక సూత్రం చర్చకు వచ్చినప్పుడు జైపాల్ సింగ్ ముండా లేచాడు. ఖుంటీ దగ్గరి పల్లెలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకత్వం వహించిన వాడాయన. ఆదివాసుల ఏ పూజా బియ్యపు బీరు లేకుండా జరగదని, దాన్ని నిషేధించడమంటే మత హక్కులో చేయి పెట్టడమేనని ఆయన వాదించాడు. రోజంతా వానలో తడుస్తూ మోకాలి లోతు బురదలో నిలబడి నాట్లు వేసే సంథాల్ కూలీకి ఆ పానీయం లేకపోతే బెంగాల్‌లో వరి నాట్లే సాగవని చెప్పాడు. నిర్దేశక సూత్రాలను ఎప్పుడు, ఎలా అమలు చేయాలన్నది ప్రభుత్వాల విచక్షణ అని, గిరిజన ప్రాంతాలకు షెడ్యూళ్లలో వేరే రక్షణలు ఉన్నాయని అంబేడ్కర్ సమాధానమిచ్చాడు. ఆ సూత్రమే ఇప్పటి 47వ అధికరణం.

సంథాల్ సృష్టి కథ తెలిసినవారికి జైపాల్ మాట అతిశయోక్తిగా అనిపించదు. తొలి దంపతులు పిల్చూ హడామ్, పిల్చూ బూఢీలకు బియ్యంతో పానీయం చేయడం నేర్పింది మరాంగ్ బురూ దేవుడే. తొలి దొన్నె ఆయనకు పోశాకే వారు తాగారు. ఆ తర్వాతే సంతానం కలిగింది, మానవ కులం మొదలైంది. దేవుడికి ఇప్పటికీ తొలి దొన్నె నేల మీదే ధారపోస్తారు.

అయితే ఈ కథకు రెండో వైపు ఉంది. దాన్ని దాచిపెట్టి హండియాను కీర్తించడం నగరవాసి విలాసం. బిర్సా ముండా తన అనుచరులను తాగుడు మానమన్నాడు. 1914లో జత్రా ఓరావ్ ప్రారంభించిన తానా భగత్ ఉద్యమం మద్యాన్ని పూర్తిగా విడిచింది. 1970లలో మహాజనుల చేతుల్లోని పొలాల్లో పంట కోసుకునే పోరాటం నడిపిన శిబూ సోరెన్, తాగుడు మానండి, రాత్రి బడులకు రండి అని ఊరూరా చెప్పాడు. సారా సీసా చూపించి వేలిముద్ర వేయించుకున్న కాగితాలతోనే పొలాలు పోయాయని ఆయనకు తెలుసు. 2025 ఆగస్టులో ఆయన కన్నుమూసినప్పుడు ఈ మాటను తలచుకున్నవారు ఆ పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఆదివాసి నాయకత్వం తాగుడును వ్యతిరేకించినప్పుడల్లా బయటి పెత్తనానికి తలవంచి వ్యతిరేకించలేదు, భూమిని కాపాడుకోవడానికే వ్యతిరేకించింది.

తెలుగువారికి ఈ సంగతి కొత్తది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993లో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో ఖజానా నిండుకుందన్న కారణంతో నిషేధాన్ని ఎత్తేశారు. అక్షరాలు నేర్చుకుంటూ కూడిన స్త్రీలు తెచ్చిన చట్టాన్ని బడ్జెట్ లెక్కలు వేసే పురుషులు రద్దు చేశారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల్లో ప్రభుత్వాలు మారాయి, మద్యం దుకాణాలు ప్రైవేటు చేతుల నుంచి సర్కారు చేతులకు, మళ్లీ ప్రైవేటు చేతులకు మారాయి. ఢిల్లీలో ఒక ఎక్సైజ్ విధానం పదవిలో ఉన్న ముఖ్యమంత్రినే జైలుకు పంపింది. ఎక్కడా చర్చ తాగేవాడి ఇంటి గురించి జరగలేదు, లైసెన్సులూ కమీషన్ల చుట్టూనే తిరిగింది.

దీదీకి ఈ రెండో వైపు బాగా తెలుసు. ఆమె భర్తను హండియా చంపలేదు. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని పోయాక అతడు ఇప్పపూల సారాకు, ఆ తర్వాత లైసెన్సు దుకాణంలో చౌక సీసాకు అలవాటు పడ్డాడు. కాలేయం చెడి మూడేళ్ల కిందట పోయాడు. పులిసిన పానీయం వేరు, కాచి దించిన సారా వేరు అని ఆమె అంటుంది. మొదటిది ఆకలిని కొంత తీరుస్తుంది, రెండోది మనిషిని తీరుస్తుంది. అయినా హండియా తాగి భార్యను కొట్టని వాడు లేడని ఆమె అబద్ధం చెప్పదు. తన దగ్గర తాగి వెళ్లినవాడు ఇంటికెళ్లి ఏం చేశాడో మర్నాడు అతని భార్య ముఖం చూస్తే తెలిసేదని చెప్పింది. ఆ మాట చెప్తూ ఆమె తలెత్తలేదు.

2017లో ఝార్ఖండ్ ప్రభుత్వం చిల్లర మద్యం దుకాణాలను తన కార్పొరేషన్ ద్వారా తానే నడపడం మొదలుపెట్టింది. మూడేళ్లకు, 2020లో, హండియా, సారా అమ్మే స్త్రీలను ఆ పని నుంచి మాన్పించడానికి ఫూలో ఝానో ఆశీర్వాద పథకం వచ్చింది. 1855 సంథాల్ తిరుగుబాటు నాయకులు సిదో, కాన్హూల అక్కచెల్లెళ్ల పేర్లు అవి. సర్వే చేసి అలాంటి స్త్రీలను గుర్తించి, స్వయం సహాయక బృందాల ద్వారా పదివేల రూపాయలు వడ్డీ లేని అప్పు ఇచ్చి, వేరే జీవనోపాధి చూపించడం దాని లక్ష్యం. ఉద్దేశం మంచిదే. ఆ డబ్బుతో చిన్న దుకాణాలు పెట్టుకుని, కోళ్లు, మేకలు పెంచుకుని ఊపిరి పీల్చుకున్న స్త్రీలు ఉన్నారు. సంతలో తాగుబోతుల మధ్య కూర్చోవడం ఎవరికీ ఇష్టమైన ఉద్యోగం కాదు. ప్రశ్న మరోచోట ఉంది. చెట్టు కింద దొన్నె అమ్మే స్త్రీ మారాలి గానీ, పక్క రోడ్డు మీద సీసాలు అమ్మించే ప్రభుత్వం మారనక్కర్లేదా? ఆమె వదులుకుంటే సంస్కరణ, అది సంపాదిస్తే ఆదాయం.

సర్వేకు వచ్చిన బృందం మనిషి అడిగినప్పుడు దీదీ మొదట పేరు రాయించలేదు. పదివేలు అక్కర్లేక కాదు. జాబితాలో తన పేరు పక్కన ‘హండియా అమ్మే స్త్రీ’ అని ఉంటుందని, రేపు కొడుకు ఉద్యోగానికి వెళ్తే ఆ కాగితం అడ్డం వస్తుందేమోనని భయం. ఆ కాగితం అలా పనిచేయదని ఇంజినీరు చెప్పాడు. ప్రభుత్వ కాగితాలు ఎలా పనిచేస్తాయో ఆయనకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ఆయన మీద ఏ కాగితమూ లేదు. అదే చలికాలంలో, అదే జిల్లాలో, అంతకంటే బలమైన పానీయం చేసినవాడి మీద ఏ జాబితా తయారు కాలేదు. ఆయన అభిరుచి గల మనిషి, ఆమె పునరావాసం పొందాల్సిన మనిషి. ఈ తేడా అర్థమైన రోజు ఆయనకు నిద్ర పట్టలేదని భార్య తర్వాత చెప్పింది.

పరిష్కారం లేనిదేమీ కాదు. 1996 నాటి పెసా చట్టం, మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు ఇవ్వాలని స్పష్టంగా చెప్పింది. తూర్పు సింగ్‌భూమ్ జిల్లా అయిదో షెడ్యూలు ప్రాంతం. ఊరి స్త్రీలు కూర్చుని, పండగకు ఎంత, సంతకు ఎంత, ఎవరికి పోయకూడదు, లైసెన్సు దుకాణం ఊళ్లోకి రావాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు అది. అవసరమైతే మొత్తంగా మానేసే హక్కూ అందులోనే ఉంది. బిర్సా పుట్టినరోజున ఏర్పడిన రాష్ట్రంలో ఆ చట్టానికి నియమాలు రాయడానికి ప్రభుత్వాలకు తీరిక దొరికేసరికి రెండు దశాబ్దాలకు పైగా గడిచిపోయాయి. వచ్చినవన్నీ ఆదివాసి పేరు చెప్పుకున్న ప్రభుత్వాలే. గ్రామసభ చేతికి ఆ అధికారం నిజంగా వస్తే మొదట మూతపడేది ఏ దుకాణమో అందరికీ తెలుసు గనుకే ఆ జాప్యం.

దీదీ చివరికి పేరు రాయించింది. కొడుకు పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే నెల అది. వచ్చిన డబ్బుతో ఊరి మలుపులో మరమరాలు, బఠానీలు, ఉడికించిన గుడ్లు అమ్మే బండి పెట్టింది. రోజుకు మిగిలేది హండియా రోజుల్లో మిగిలినదానికంటే తక్కువే. తాగినవాడి భార్య ముఖం మర్నాడు చూడనక్కర్లేదన్నదే లాభమని చెప్పింది. సంతలో అమ్మడం మానింది గానీ ఇంట్లో కుండ పెట్టడం మానలేదు. అది దేవుడి బాకీ, ప్రభుత్వం దానికి అప్పు ఇవ్వలేదుగా అంది.

ఇంజినీరు దగ్గర పగలకుండా మిగిలిన సీసాలు పదకొండు. గోనెసంచులు కప్పి, చేతులకు తోలు తొడుగులు వేసుకుని, ఒక్కో మూతా వదులు చేసి వాయువు తీసి, వాటిని ఫ్రిజ్‌లో పెట్టాడు. మళ్లీ కాయలేదు. చట్టానికి భయపడి మానానని స్నేహితులకు చెప్తాడు. ఆమెకు కుండ పగిలిన చోట తనకు సీసా కూడా పగలకూడదనిపించిందని భార్యకు చెప్పాడు. హైడ్రోమీటరు ఇప్పటికీ అల్మారాలో ఉంది.

కార్తీక మాసంలో సోహ్రాయ్ పండగ వచ్చింది. దీదీ పిలిస్తే దంపతులిద్దరూ ఆ పల్లెకు వెళ్లారు. గోడల మీద కొత్తగా వేసిన బొమ్మలు, కొమ్ములకు నూనె రాసిన ఎద్దులు, మాదల్ మోత. ఆయన రెండు సీసాలు సంచిలో వేసుకుని వెళ్లాడు. దీదీ అత్తగారు, కళ్లు సరిగా కనబడని ముసలామె, గ్లాసులో పోసిన బంగారు రంగు ద్రవాన్ని వాసన చూసి, ఒక గుక్క తాగి, బాగుంది గానీ ఆకలి తీర్చదని తేల్చింది. తర్వాత తన కుండలోంచి దొన్నె నింపి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగబోతుంటే చేయి పట్టుకుని ఆపి, నేల చూపించింది. ఆయన మొదటి చుక్కలు నేల మీద పోశాడు.

దొన్నెలోని ఆ తెల్లటి, పుల్లటి నీరు నాలుకకు తగలగానే ఆయనకు గుర్తొచ్చింది బెల్జియం కాదు. కడగకూడని తరవాణి కుండ గుర్తొచ్చింది. ఇంటికి తిరిగి వస్తూ, ఆ కుండను ఎవరు, ఎప్పుడు, ఎందుకు పారేశారని ఆయన భార్యను అడిగాడు. ఆమెకు తెలియదు.